జరిగిన వాక్యం

కృపాకర్ బోర్డు మీద రాసిన వాక్యాన్ని, అతను చూస్తుండగానే, ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి వచ్చి డస్టర్‌తో తుడిచేసింది.

జూన్ నెల. బడి తెరిచిన వారం. వేములపల్లి దాటి లోపలికి వెళ్తే సాగర్ కాలువ పక్కన ఒక తండా, ఆ తండాలో రెండు గదుల ప్రాథమిక పాఠశాల. పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. బడిలో చదవాల్సింది తెలుగు. ఈ రెంటి మధ్య ఉన్న గండిని ఐదేళ్ళ పిల్ల ఒక్క దూకులో దాటేస్తుందని సర్కారు నమ్మకం. దాటలేకపోతే పిల్ల మొద్దు అని రాసుకుంటారు తప్ప, గండి ఎవరు తవ్వారని ఎవరూ అడగరు.

రెండేళ్ళుగా ఆ బడికి కృపాకర్ ఒక్కడే సారు. మంచివాడు. నెమ్మదస్తుడు. ఆ రోజు కొత్త పదం 'ఉల్లాసం'. గైడులో వెతికి ఒక ఉదాహరణ వాక్యం రాశాడు: 'బాలబాలికలు ఉద్యానవనమునందు ఉల్లాసముగా విహరించుచుండిరి.'

నాలుగో తరగతి జమ్లీ చెయ్యెత్తింది.

"సార్, ఉద్యానవనం అంటే?"

"పార్కు."

"పార్కు అంటే?"

"చెట్లుంటయి, పూలుంటయి. అందరు తిరుగుతుంటరు."

"పత్తి చేను లెక్కనా సార్?"

"చేను కాదమ్మా. విహరించుట అంటే... పని లేకుంట తిరుగుడు."

జమ్లీ నమ్మలేనట్టు చూసింది. "పని లేకుంట ఎట్ల ఉంటరు సార్? అమ్మ తిట్టదా?"

గుమ్మం దగ్గర ఎవరో ఫక్కున నవ్వారు. భుజాన సంచీ, చేతిలో ఆర్డరు కాగితం, చెప్పులకు కాలువ కట్ట బురద. ఆమె తిన్నగా లోపలికి వచ్చింది, బోర్డు తుడిచింది.

"సార్, ఒక్క పదం నేర్పడానికి ఇంకో మూడు రాని పదాలు తెచ్చారేంటండీ? నా పేరు హారిక. మాది కోదాడ. ఇక్కడికే పోస్టింగ్ ఇచ్చారు."

కృపాకర్ చెవులు ఎర్రబడ్డాయి. "మీరు జాయిన్ గాకముందే నా వాక్యం తుడిచిండ్రు టీచర్."

"జాయిన్ అవుతాలెండి. ముందు ఇది చెప్పండి. ఆ వాక్యం ఎవరికి జరిగింది?"

"జరుగుడేంది? అది ఉదాహరణ."

"ఎవరికీ జరగనిది ఉదాహరణ ఎలా అవుద్ది?"

జవాబు కోసం ఆగలేదు. పిల్లల వైపు తిరిగింది. "మొన్న పెద్ద వాన పడింది కదా. ఏం చేశారు?"

వెనక వరుసలోంచి హన్మా లేచాడు. ఊరికే కూర్చోవడం చేతకాని పిల్లవాడు. "పిల్లకాలువల దుంకినం టీచర్!"

"దుంకితే ఎట్లా ఉండింది?"

హన్మాకు మాట దొరకలేదు. రెండు చేతులూ పైకెత్తి, "హోయ్!" అని గది అదిరేలా అరిచాడు.

"అదే. దాని పేరే ఉల్లాసం," అంది హారిక.

ఆ సాయంత్రం దాకా తండా అంతా ఉల్లాసం ఉల్లాసం అని ఒకటే గోల. కృపాకర్‌కు హారిక మీద కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో కూర్చుని, రెండేళ్ళుగా నేను వీళ్ళకు ఎవరి వాక్యాలు చెప్తున్నాను అని ఆలోచించాడు. అప్పుడు కోపం తన మీదికి మళ్ళింది.

*

నెల తిరగకుండానే ఆ బడికి ఒక పద్ధతి వచ్చింది. బోర్డు కుడి మూలన కొత్త పదం రాస్తారు. ప్రతి పిల్లా ఆ పదంతో ఒక వాక్యం చెప్పాలి. గైడులోంచి కాదు, ఇంట్లోంచి, చేనులోంచి, కళ్ళతో చూసినదాంట్లోంచి. దాని పేరు 'జరిగిన వాక్యం'. జరగనిది చెబితే మిగతా పిల్లలే "అబద్ధం!" అని అరుస్తారు, దాన్ని తుడిచేస్తారు. అందరిదీ అయ్యాక, వంతు వచ్చిన పిల్ల డస్టర్ పట్టుకుని పదాన్ని తుడుస్తుంది. ఆ డస్టర్ కోసం పెద్ద పోటీ. సారూ టీచరూ కూడా చెప్పాలి, వాళ్ళకేమీ మినహాయింపు లేదు.

'అతిథి' అన్న పదానికి హన్మా చెప్పాడు: "అతిథి వచ్చిండంటే మా కోడి గడ్డివాము ఎనకకు ఉరుకుతది." ఎవ్వరూ అబద్ధం అనలేదు.

'నిరీక్షణ' అన్న పదానికి జమ్లీ చెప్పింది: "మా బా హైదరాబాద్‌ల పనికి పోయిండు. ఫోన్ చేస్త అన్నడు. మా యాడి ఫోన్ కొంగుకు కట్టుకొని పత్తి ఏరుతది."

యాడి అంటే అమ్మ. బా అంటే నాన్న. రెండేళ్ళు ఆ పిల్లల మధ్య తిరిగిన కృపాకర్ ఆ రెండు మాటలూ అప్పుడే నేర్చుకున్నాడు. ఆ తర్వాత అతను కొత్త పదం చెప్పే ముందు "మీ భాషల దీన్ని ఏమంటరు?" అని అడగడం మొదలుపెట్టాడు. గైడు ఎలుకలు కొట్టే మూలకు చేరింది.

హారిక మిర్యాలగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. శనివారం సాయంత్రం హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సెక్కితే సోమవారం పొద్దునే రావడం. కృపాకర్ ఇల్లు మిర్యాలగూడలోనే, రైస్ మిల్లుల వెనక. నాన్న దావీదు మిల్లులో హమాలీ. కాబట్టి పొద్దునా సాయంత్రం సారూ టీచరూ ఒకే బస్సు, వేములపల్లిలో దిగి ఒకే ఆటో.

ఏడుగురు పట్టే ఆటో అది. ఎదురెదురు సీట్లు. కృపాకర్ ఎక్కి పక్కన చోటు మిగిల్చి కూర్చునేవాడు. హారిక ఒక్కసారి కూడా అక్కడ కూర్చోలేదు. ఎదురు సీట్లో కోళ్ళ గంప ఉన్నా, ఎరువు బస్తా ఉన్నా సరే, వాటి మధ్య ఇరుక్కుని అక్కడే కూర్చునేది. నేనంటే పడదు కాబోలు అనుకున్నాడు కృపాకర్. అనుకుని, మరునాడు మళ్ళీ చోటు మిగిల్చేవాడు.

ఒక సాయంత్రం వేములపల్లిలో దిగేసరికి వాన దంచికొడుతోంది. బస్సు షెల్టరు రోడ్డుకు అవతల. కృపాకర్ దగ్గర గొడుగు ఉంది. తెరిచి ఆమె నెత్తి మీద పట్టాడు, తాను మాత్రం బయట నిలబడ్డాడు.

"సార్, ఇద్దరికీ సరిపోద్దండీ."

"పర్వాలేదు టీచర్."

"తడిసి ముద్దయ్యారు."

"నాకు వాన అలవాటే."

"గొడుగు మీది. తడిసేది మీరు. నేను పొడిగా ఉన్నా. ఎవరన్నా చూస్తే నన్ను తిడతారు."

"తిట్టరు టీచర్. నేను చెప్త."

హారిక అతన్ని కాసేపు చూసింది. అతని ముక్కు చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె గొడుగు లాక్కుని మడిచేసింది. "పదండి మరి. ఇద్దరం తడుద్దాం." ఇద్దరూ రోడ్డు దాటేసరికి నెత్తి నుంచి కాలి దాకా తడిశారు. షెల్టరు కింద నిలబడి హారిక నవ్వుతూనే ఉంది. కృపాకర్ ఆ నవ్వును బస్సు వచ్చేదాకా చూడాలనుకున్నాడు. చూడకుండా ఎదురుగా ఉన్న ఎరువుల దుకాణం బోర్డు చదివాడు. మళ్ళీ మళ్ళీ చదివాడు.

*

'మొహమాటం' అనే పదం బోర్డెక్కింది అన్నం దగ్గర.

బడిలో వంట చేసే భూలి పిల్లలకు వడ్డించడం అయ్యాక సారుకూ టీచరుకూ పెట్టేది. ఆ రోజు హారిక కోదాడ నుంచి సీసా తెచ్చింది.

"గోంగూర పచ్చడి. మా అమ్మ చేసింది."

"పుంటికూర తొక్కు," అన్నాడు కృపాకర్.

"గోంగూరండీ బాబూ."

"తొక్కే టీచర్. మీరు ఏ పేరు పెట్టినా పుల్లగనే ఉంటది."

ఒక్కసారి వేసుకున్నాడు. పళ్ళెం ఖాళీ అయింది. కళ్ళు సీసా మీద, నోరు మాత్రం "చాలు, చాలు."

"అయ్యో సార్, మొహమాటపడకండి!"

జమ్లీ చెవులు ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉంటాయి. "టీచర్, మొహమాటం అంటే ఏంది?"

హారిక చేతులు కడుక్కుని వెళ్ళి బోర్డు మూలన రాసింది. ఆ పదాన్ని చూసి పిల్లలు తలలు పట్టుకున్నారు.

"కావాల్నని ఉంటది. అడగబుద్ధి కాదు. వద్దనాలని ఉంటది. వద్దనలేం. ఎదుటోళ్ళు ఏమనుకుంటరో అని," వివరించాడు కృపాకర్.

"ఆకలైతే అడుగుత సార్ నేను," అన్నాడు హన్మా. "కడుపు నాది గద. వాళ్ళేమనుకుంటే నాకేంది?"

"ఇగ నీకు మొహమాటం లేదురా," అంది భూలి. "సారును చూడు. సీసాను చూపుతోనే నాకుతుండు." పిల్లలు గొల్లుమన్నారు. హారిక సీసా మొత్తం అతని పళ్ళెంలో బోర్లించింది.

వాక్యాలు మెల్లగా వచ్చాయి. నాలుగో రోజు జమ్లీ లేచింది. ఈసారి నవ్వుతూ లేవలేదు.

"మా యాడికి జరమొస్తే దవాఖానకు పోయినం. డాక్టరమ్మ తెలుగుల జల్ది జల్ది చెప్పింది. గోళీలు ఎట్లెట్ల మింగాల్నో మా యాడికి సమజ్ కాలే. మల్ల అడిగితే ఏమనుకుంటదో అని తల ఊపి వచ్చింది. అన్ని గోళీలు ఒక్కపాలే మింగి రెండొద్దులు లేవలే."

హన్మా కూడా కదల్లేదు.

"ఇది మొహమాటమేనా టీచర్?" అడిగింది జమ్లీ.

హారిక ఆ పిల్ల దగ్గరికి వచ్చింది. "కొంచెం మొహమాటం. కొంచెం భయం. ఎక్కువ తప్పు మాత్రం జల్ది జల్ది చెప్పిన ఆమెది. మీ అమ్మది కాదు."

"ఇంకోసారి నేను పోత. నేను అడుగుత," అంది జమ్లీ.

మొహమాటం అనేది మర్యాద అని మనకు చిన్నప్పుడే నూరిపోస్తారు. ఎవరి మర్యాద? డాక్టరమ్మకు లేదు, దొరకు లేదు, ఆఫీసరుకు లేదు. తల ఊపే వాళ్ళకే ఉంటుంది. ఊపీ ఊపీ మెడ ఒకవైపుకే తిరుగుతుంది.

"సార్, మీది?" అంది జమ్లీ కూర్చుంటూ.

"నాది... ఆలోచించి చెప్త."

"టీచర్, మీది?"

"నాకసలు మొహమాటమే లేదు. అదే నా రోగమని మా అమ్మ అంటది."

"అయితే ఇద్దరివీ మిగిలినయి," అని తేల్చేసింది జమ్లీ. డస్టర్ వంతు హన్మాది. వాడు దిగాలుగా చూశాడు. "జల్ది చెప్పుండ్రి సార్. నేనింక ఎన్నొద్దులు ఆగాలె?"

*

ఆ ఆదివారమే సూర్యాపేట నుంచి ఏసుపాదం మామ వచ్చాడు. కృపాకర్ తల్లి అచ్చమ్మకు అన్న. ఆర్టీసీ డిపోలో మెకానిక్. కృపాకర్ సూర్యాపేటలో చదువుకున్న నాలుగేళ్ళూ మామ ఇంట్లోనే తిన్నాడు, పడుకున్నాడు. ఒక్కనాడు కూడా మామ అతన్ని పరాయివాడిగా చూడలేదు.

మామ చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. "అల్లుడా, మా ప్రవళికను నీకిస్తున్న. బయట సంబంధం చూసుడెందుకు? ఏమంటవ్?"

ఏమంటవ్ అన్నాడే గాని, జవాబు కోసం ఆగలేదు. అప్పటికే దావీదు లేచి బావ భుజం మీద చెయ్యేశాడు. అచ్చమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ఒక్క క్షణం కృపాకర్ కళ్ళ ముందు తడిసిన గొడుగు, మడిచిన గొడుగు కనపడ్డాయి. కాదు మామా అనాలి. ఆ రెండు మాటలు గొంతు దాకా వచ్చాయి. మామ మొహంలో సంబరం చూశాడు. నాలుగేళ్ళ అన్నం గుర్తొచ్చింది.

తల ఊపాడు.

ఇంకేం? వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్ళి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. ఎవరూ చెప్పరు. అడగడం ఆనవాయితీ, చెప్పకపోవడం అంతకంటే పెద్ద ఆనవాయితీ. సూర్యాపేట చర్చిలో రెండు ప్రకటనలు అయిపోయాయి. కృపాకర్ బడిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని భయం. చెప్పకపోయినా నిజమవుతోంది, ఆ సంగతి అతనికి పట్టలేదు.

శుక్రవారం నాడు అచ్చమ్మే లడ్డూలు పట్టుకుని బడికి వచ్చింది. పిల్లలందరికీ పంచింది. హారిక చేతిలో రెండు పెట్టింది. "మా వోనికి లగ్గం కుదిరింది బిడ్డా. మా అన్న బిడ్డనే. నువ్వు తప్పకుంట రావాలె."

"సంతోషం అమ్మా," అంది హారిక. లడ్డూ తినలేదు. కాగితంలో చుట్టి జమ్లీకి ఇచ్చింది.

సాయంత్రం ఆటోలో ఎదురు సీట్లో కూర్చుంది. చాలాసేపు కాలువ చూసింది.

"మీకు ఇష్టమేనా సార్?"

"మామ నాకు చానా చేసిండు టీచర్. కాదనలేక—"

"నేను అడిగింది మామ గురించి కాదు."

కృపాకర్ చొక్కా గుండీ తిప్పుతూ కాలువ వైపు చూశాడు.

"ఆ అమ్మాయికి ఇష్టమేనా? అది కూడా అడగలేదు కదా మీరు." హారిక అతని వైపు తిరిగింది. "ఇష్టం లేనివాడు పక్కన కూర్చుంటే ఆమె బతుకంతా ఏం చెయ్యాలి? దీన్ని మంచితనం అనుకుంటున్నారా మీరు? మీ వాక్యం మీ దగ్గరే ఉంది. బోర్డు మీద పదం అట్లాగే ఉంది. చెప్పాల్సింది మాత్రం నాకు కాదు."

వేములపల్లిలో దిగాక ఆమె అతనితో బస్సెక్కలేదు. తర్వాతి బస్సుకు వస్తానంది. కృపాకర్ కిటికీలోంచి చూశాడు. షెల్టరు కింద, ఎరువుల దుకాణానికి ఎదురుగా, ఒక్కతే నిలబడి ఉంది.

*

శనివారం బడి అయ్యాక కృపాకర్ సూర్యాపేట బస్సెక్కాడు. మామ ఇంట్లో తలుపు తీసింది ప్రవళిక. ప్రైవేటు దవాఖానలో నర్సు. డ్యూటీ బట్టలు ఇంకా మార్చుకోలేదు.

"బావా, నీతోని ఒక మాట," అన్నారు ఇద్దరూ ఒకేసారి. అంటే, ఆమె బావా అంది, అతను ప్రవళికా అన్నాడు. మిగతాదంతా ఒకటే.

"నువ్వే చెప్పు ముందు," అన్నాడు కృపాకర్.

"నాలుగేండ్లు ఒక్క బాత్‌రూమ్ కోసం కొట్టుకున్నం మనం. నిన్ను చూస్తే అన్నం పెట్టబుద్ధి అయితది బావా, పెళ్ళి చేసుకోబుద్ధి అయితలేదు. హైదరాబాద్ పోయి ఇంకా చదవాల్నని ఉంది నాకు."

"మరి ఎందుకు కాదనలే?"

"నువ్వు తల ఊపినవని నాయిన వచ్చి చెప్పిండు. నీకు ఇష్టమేమో, పాపం బాధపడతవేమో అని నేను ఊపిన. నువ్వెందుకు ఊపినవ్?"

కృపాకర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరు మనుషులు ఒకరి కోసం ఒకరు తలలూపి ఒకే గోతిలో పడ్డారు. రాత్రి అన్నం దగ్గర మామకు చెప్పేద్దామని మాట అనుకున్నారు.

అన్నం దగ్గర మామ కోడి కోయించాడు. అల్లుడి పళ్ళెంలో ఏరి ఏరి ముక్కలేశాడు. "తిను అల్లుడా, మొహమాటపడకు." కృపాకర్ ప్రవళికను చూశాడు. ప్రవళిక కృపాకర్‌ను చూసింది. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు. ముక్కలు అయిపోయాయి, పులుసు అయిపోయింది. మాట మాత్రం బయటికి రాలేదు.

తెల్లారితే మూడో ప్రకటన.

చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. దావీదు, అచ్చమ్మ కూడా మిర్యాలగూడ నుంచి వచ్చి కూర్చున్నారు. అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. "...వీరి వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను."

ఫ్యాన్ల చప్పుడు. ఎవరి చంటిపిల్లో ఏడ్చింది. కృపాకర్‌కు జమ్లీ తల్లి గుర్తొచ్చింది. అర్థం కాలేదని చెప్పలేక తల ఊపిన మనిషి. ఆమెకు భాష రాదు. నాకేం రాదు?

లేచి నిలబడ్డాడు.

"ఏంది కృపాకర్, నీళ్ళు కావాల్నా?" అన్నారు అయ్యగారు.

"కాదయ్యగారు. అభ్యంతరం ఉంది."

"ఎవరికి?"

"నాకే."

మందిరమంతా ఒక్కసారి తిరిగి చూసింది. అయ్యగారు కళ్ళద్దాలు తీశారు. "పెళ్ళికొడుకు అభ్యంతరం చెప్పుడు నా సర్వీసుల చూడలేదయ్యా!"

"నాకు గూడ ఉందయ్యగారు," అంటూ ఆడవాళ్ళ వైపు ప్రవళిక లేచింది.

కృపాకర్ మామ వైపు తిరిగాడు. "ప్రవళిక తప్పు లేదు. మామ తప్పు లేదు. అడిగిన నాడే కాదనాల్సినోణ్ణి. మొహమాటానికి తల ఊపిన. నా మనసుల ఇంకో అమ్మాయి ఉంది. ఇంతమందిల చెప్పవలసి వచ్చింది. మాఫ్ చెయ్యుండ్రి."

ఆరాధన అయ్యాక మామ బయట తన స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. అచ్చమ్మ అన్న దగ్గరికి వెళ్ళబోతే దావీదు ఆపాడు. కృపాకరే వెళ్ళి ముందు నిలబడ్డాడు.

"రాత్రి చెప్తే అయిపోతుండె గదరా," అన్నాడు మామ. "కోడి అన్నా బతుకుతుండె."

"చెప్దామనే వచ్చిన మామా. నువ్వు ముక్కలేస్తనే ఉన్నవ్."

మామ మూతి బిగించాడు. నవ్వు ఆపుకున్నాడో, ఇంకేం ఆపుకున్నాడో. "ఏమంటవ్ అని అడిగిన నిన్ను. గ్లాసు కింద పెట్టంగనే ఖుష్ అయిపోయిన. నువ్వేమన్నవో ఇనలే. పిల్లనైతే అడగనే లేదు." స్కూటర్ స్టార్ట్ చేశాడు. "కొన్నొద్దులు నా కంటికి కనపడకు అల్లుడా. నొప్పి తగ్గినంక నేనే వస్త. ఆ పిల్లకన్నా చెప్పినవా, లేకుంటే ఆడ గూడ మొహమాటమేనా?"

*

సోమవారం ఆటోలో హారిక ఎదురు సీట్లో కూర్చుని బయటికే చూసింది. కృపాకర్ ఏమీ చెప్పలేదు. వాక్యం చెప్పాల్సిన చోటు ఇంకోటి ఉంది.

ప్రార్థన అయ్యింది. పిల్లలు కూర్చున్నారు. బోర్డు మూలన మొహమాటం అట్లాగే ఉంది, కొంచెం చెరిగి, దుమ్ముపట్టి.

"నా వాక్యం చెప్త," అన్నాడు కృపాకర్. "మొహమాటానికి పోయి ఇష్టం లేని పెళ్ళికి తల ఊపిన. నిన్న చర్చిల అందరి ముందు లేచి కాదన్న."

హారిక చేతిలోని చాక్‌పీసు రెండు ముక్కలైంది.

"నిజంగ జరిగిందా సార్?" అన్నాడు హన్మా.

"సూర్యాపేటల ఎవర్నన్నా అడుగు."

హన్మా డస్టర్ కోసం ఉరికాడు. జమ్లీ వాడి చొక్కా పట్టుకుని లాగింది. "ఆగురా. టీచర్‌ది మిగిలింది."

"నాకు మొహమాటం లేదని చెప్పా కదే," అంది హారిక. గొంతులో మునుపటి జోరు లేదు.

"అబద్ధం," అంది జమ్లీ. "సారు పేరెత్తితే మీరు పుస్తకం తిరగేసి పట్టుకుంటరు."

భూలి వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో గరిటెతో. హారిక పిల్లలను చూసింది, బోర్డును చూసింది, కృపాకర్‌ను తప్ప అన్నింటినీ చూసింది.

"ఆటోలో సార్ రోజూ పక్కన చోటు ఉంచుతారు," అంది చివరికి. "పక్కన కూర్చుంటే మొహం కనపడదని నేను ఎదురుగా కూర్చుంటా. ఈ మాట జూన్ నుంచి చెప్పలేదు. మొహమాటం."

ఈసారి ఎవ్వరూ అబద్ధం అనలేదు. హన్మా బోర్డు మూలను ఎడాపెడా తుడిచాడు, గాల్లో చాక్ పొడి లేచింది.

కృపాకర్ ఆ ఖాళీ మూలలో మెల్లగా రాశాడు: 'హారిక, కృపాకర్ పెళ్ళి చేసుకున్నారు.' రాసి పిల్లల వైపు తిరగలేదు. ఆమె వైపు తిరిగాడు.

"ఇది జరగలే. ఉంచాల్నో తుడవాల్నో టీచరే చెప్పాలె. జల్ది లేదు. చెప్పేదాక ఆగుత."

"మా నాన్న అరుస్తాడు. మీ కులం అడుగుతాడు, మీ చర్చి అడుగుతాడు."

"కోదాడకు వచ్చి చెప్త."

"అక్కడ మా అమ్మ గోంగూర పెడితే చాలు చాలు అంటారేమో!"

"సీసా అడుగుత."

"సార్, జరగలే గద!" హన్మా డస్టర్ ఎత్తి అరిచాడు. "అబద్ధం! తుడిచేస్త!"

హారిక వాడి చెయ్యి పట్టుకుంది. డస్టర్ తీసుకుని తన సంచీలో వేసుకుంది.

"జరిగేదాకా ఉండనీ," అంది.

ఆ సాయంత్రం ఆటోలో కృపాకర్ పక్కన చోటు ఉంచలేదు. తనే వెళ్ళి ఎదురు సీట్లో, కోళ్ళ గంపకూ ఎరువు బస్తాకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. హారిక అతని సీట్లో కూర్చుంది. వేములపల్లి దాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే వెళ్ళారు.